తలంబ్రాల దగ్గరే తేలిపోతుంది

నమస్కారం. సిరొంచ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ వీడియో చెడకుండా సైజు తగ్గించడం ఎలాగో చూద్దాం. వెనక ఫ్యాను చప్పుడు వినిపిస్తే సర్దుకోండి. ఈ ఎండలో దాన్ని ఆపితే నాకంటే ముందు నా కంప్యూటరే చేతులెత్తేస్తుంది.

మొన్న మా పెద్దనాన్న కూతురి పెళ్లి వీడియో తయారు చేశాను. అందులో పది నిమిషాల ముక్కను ఎక్స్‌పోర్ట్ చేస్తే 3 జీబీ అయింది. లెక్క చూస్తే వింతేమీ లేదు. బిట్‌రేటు, అంటే ఒక్కో సెకను వీడియోకు ఖర్చయ్యే డేటా, సెకనుకు 40 మెగాబిట్లని ఉంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 5 మెగాబైట్లు, 600 సెకన్లకు 3,000 మెగాబైట్లు.

సరే, 40 తీసి 4 పెట్టాను. 300 మెగాబైట్లకు దిగింది. వేపచెట్టు కింద కూర్చుని పెద్దనాన్న మాట్లాడుతుంటే ఆయన మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. సంబరపడ్డాను. తలంబ్రాలు వచ్చేసరికి గింజలన్నీ కరిగి ముద్దయ్యాయి, అక్క ముఖం మీద గళ్లు తేలాయి, పసుపు చీర నాచు పట్టిన మెట్టులా కనిపించింది.

ఎందుకలా? వీడియో అంటే వరసగా కదిలే బొమ్మలు, ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. వీడియోను కుదించే పద్ధతి ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. ఒక్కటి పూర్తిగా ఉంచుకుని, తర్వాతి వాటిలో ఏది ఎటు జరిగిందో, ఏది మారిందో అంతవరకే రాసుకుంటుంది. వేపచెట్టు దగ్గర మారేది పెద్దనాన్న పెదవులే. తలంబ్రాల్లో వందల గింజలు తలా ఒక దిక్కుకు ఎగురుతాయి, ముందు ఫ్రేము చూసి తర్వాతిది ఊహించే వీలుండదు. మన ప్రాణహిత వెళ్లి గోదావరిలో కలిసే చోట నీళ్లు తీసినా ఇదే తంటా. చీకటి పడ్డాక ఫోనుతో తీసినప్పుడు కనిపించే నలకలు ఇంకా దండగమారివి. అవి ప్రతి ఫ్రేములో మారుతుంటాయి కాబట్టి వాటిని దాచడానికే బోలెడు బిట్లు ఖర్చవుతాయి.

అందుకే వీడియో మొత్తానికీ ఒకే బిట్‌రేటు కట్టేయడం మానేశాను. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో వీడియో విభాగంలో స్థిర నాణ్యత ఎంచుకుంటే ఆర్‌ఎఫ్ అనే అంకె వస్తుంది. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, తిరకాసు అక్కడే. 1080పీ వీడియోకు 20 నుంచి 24 మధ్య పెట్టమని వాళ్లే చెబుతారు. సుమారుగా 6 పెంచితే సైజు సగానికి పడిపోతుంది. ఇక పెద్దనాన్నకు తక్కువ, తలంబ్రాలకు ఎక్కువ అని అదే పంచుకుంటుంది.

మొత్తం వీడియో మీద ప్రయోగాలు చేయకండి, పూటంతా పోతుంది. అన్నింటికంటే కష్టమైన 20 సెకన్లు వెతికి పట్టుకుని వాటినే రెండు మూడు అంకెలతో తీసి చూడండి. అక్కడ నిలిచిన అంకె మిగతా చోట్ల నిలుస్తుంది. ప్రీసెట్, అంటే కుదించే వేగం, ‘స్లో’ పెడితే సమయం ఎక్కువ పడుతుంది కానీ అదే నాణ్యత తక్కువ చోటులో సర్దుకుంటుంది. నేను రాత్రి పెట్టి పడుకుంటాను, కరెంటు దయ ఉంటే తెల్లారేసరికి అయిపోతుంది. ఒకటి మాత్రం మరవకండి: ఒకసారి కుదించిన ఫైలును మళ్లీ కుదించకండి, ఎప్పుడూ అసలు ఎక్స్‌పోర్ట్ నుంచే మొదలుపెట్టండి.

ఇక కోడెక్, అంటే వీడియోను కుదించి దాచే పద్ధతి, సంగతి. 2003లో వచ్చిన హెచ్.264 దాదాపు ఎక్కడైనా ఆడుతుంది. 2013 నాటి హెచ్.265 దాదాపు సగం బిట్‌రేటుకే అంత నాణ్యత ఇస్తుంది కానీ పాత టీవీలు దాన్ని గుర్తుపట్టవు. అంకీసలో మా అత్తయ్య టీవీ అలాంటిదే. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే పెళ్లి వీడియోకు నేను హెచ్.264 దాటను. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలును అది తీసుకోదు. ఎంత ఖాళీ ఉన్నా సరే. దీనికి నేను ఒక సాయంత్రం బలిచ్చాను.

యూట్యూబ్‌లో పెట్టేదైతే మరీ నలపకండి, వాళ్లు ఎలాగూ మళ్లీ కుదిస్తారు. నేను ఇప్పుడు చూపించబోయేదీ ఆ దెబ్బ తింటుంది కాబట్టి బొమ్మను పెద్దది చేసి పెట్టాను. ఆర్‌ఎఫ్ ఎడమవైపు 20, మధ్యలో 24, కుడివైపు 30. ముఖాలు వదిలేయండి. బావ భుజం మీద నుంచి జారే గింజలను చూడండి.