ఆటు వేళ రాళ్ల మడుగులు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖ తీరంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య నిలిచే మడుగుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి సముద్ర జీవశాస్త్రం బోధించే మేడమ్ వచ్చారు. మొదటి కాల్ హైదరాబాద్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. ఫిబ్రవరిలో వైజాగ్ వస్తున్నాం. బాబుకి ఆరేళ్లు, పాపకి పదేళ్లు, మా అత్తగారు కూడా ఉంటారు. ఎప్పుడొచ్చినా ఇసుకలో ఆడుకుని వెళ్లిపోవడమే. ఈసారి పిల్లలకి రాళ్లలో ఉండే జీవుల్ని చూపించాలని ఉంది.

మేడమ్: మంచి నెలలో వస్తున్నారమ్మా. మన తీరంలో సముద్ర మట్టం అక్టోబరు, నవంబరుల్లో బాగా పైకి ఉంటుంది, ఫిబ్రవరి, మార్చికి దిగుతుంది. అందుకని ఆటు వేళ, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, ఎక్కువ రాయి బయటపడుతుంది. పౌర్ణమికో అమావాస్యకో దగ్గరి రోజు పెట్టుకోండి. అప్పుడు నీరు ఇంకా కిందికి దిగుతుంది. అష్టమి రోజుల్లో అంత దిగదు.

కాలర్: పొద్దున్నే వెళ్తే చాలా అండీ?

మేడమ్: పొద్దునా సాయంత్రమా అన్నది ఆటు టైమ్‌ని బట్టి ఉంటుందమ్మా. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. సర్వే ఆఫ్ ఇండియా వేసే పట్టికల్లో విశాఖ టైములు ఉంటాయి. ఆటు టైమ్‌కి గంటా గంటన్నర ముందే చేరుకోండి, నీరు అడుగుకి దిగిందనగానే వెనక్కి బయల్దేరండి. చాలామంది సరిగ్గా ఆటు టైమ్‌కి వస్తారు, అప్పటికి నీరు తిరిగి ఎక్కడం మొదలవుతుంది. మీరు నిలబడ్డ రాయి పొడిగానే ఉంటుంది, వెనక ఉన్న పల్లం మాత్రం నిండిపోతుంది. నాకు అన్నిటికన్నా భయం అదే. ఇంకొకటి, మీ హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. హెచ్చరిక ఉంటే ఆ రోజు మానేయండి.

కాలర్: ఎక్కడికి వెళ్లమంటారు?

మేడమ్: భీమిలి రోడ్డులో మంగమారిపేట బాగుంటుంది, తొట్లకొండ కిందే. అక్కడ సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది, దాని మీదికి ఎక్కొద్దు, కిందికి వెళ్లొద్దు. పచ్చగా నాచు పట్టిన రాయి మీద కాలు పెడితే జారుతుంది. హవాయి చెప్పులు పనికిరావు, పాత బూట్లు వేసుకోండి, రాళ్లకి అంటుకున్న ఆల్చిప్పలు కాలు కోసేస్తాయి. మడుగులోకి వంగి చూసేవాళ్లకి వచ్చే అల కనబడదు. మీ అత్తగారిని పైన పొడిగా ఉన్న చోట కూర్చోబెట్టి, సముద్రం వైపు చూస్తూ ఉండమనండి. ఆవిడ కేకేస్తే అందరూ లేచి రావాలి.

కాలర్: ఏమేం కనబడతాయి మేడమ్?

మేడమ్: మొదట ఏమీ కనబడదమ్మా. మన నీడ పడగానే చిన్న చేపలు రాతి సందుల్లో దూరతాయి, ఖాళీ గవ్వల్లో కాపురముండే సన్యాసి పీతలు గవ్వలోకి ముడుచుకుంటాయి. పిల్లల్ని కదలకుండా కాసేపు కూర్చోబెట్టండి, ఒక్కొక్కటే బయటికి వస్తాయి. నీళ్లలో సీ ఎనిమోన్ అనే మెత్తటి జీవి పువ్వులా విచ్చుకుని ఉంటుంది. నీళ్లు తగ్గి బయటపడితే ముడుచుకుని, ఒంటినిండా ఇసుక, గవ్వ ముక్కలు అంటించుకుని రాయిలో కలిసిపోతుంది. దాని మీద కాలు వేయకుండా చూడండి. రాయి ఎత్తి చూస్తే ఎలా ఉన్నది అలాగే మళ్లీ పెట్టేయాలి. అడుగున చాలా జీవులు గుడ్లు పెడతాయి, తిరగేసి వదిలేస్తే ఎండకి చచ్చిపోతాయి. దయచేసి ఇది మాత్రం పిల్లలకి నేర్పండి.

వ్యాఖ్యాత: థాంక్స్ అమ్మా. తర్వాతి కాల్ విశాఖ నుంచి.

కాలర్: మేడమ్, మా అబ్బాయి కాల్లో సీ అర్చిన్, అదే ఒళ్లంతా ముళ్లుండే సముద్ర జీవి, దాని ముల్లు దిగింది. నొప్పి అంటున్నాడు. పిన్నుతో తీసేయమంటారా?

మేడమ్: వద్దు బాబూ. అవి పెళుసు, లోపలే విరుగుతాయి. పైకి కనబడే ముళ్లని మెల్లగా పట్టకారుతో తీయండి. కాలు కాలనంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడి ముందు మీ చేత్తో చూడండి. లోపల ముల్లు మిగిలినా, కీలు దగ్గర గుచ్చుకున్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.

వ్యాఖ్యాత: భీమిలి నుంచి ఒక తాతగారు లైన్లో ఉన్నారు.

కాలర్: అమ్మా, మనవరాలు గవ్వలు ఏరి తెస్తానంటోంది. తేనివ్వొచ్చా?

మేడమ్: చూసి వదిలేయమనండి తాతగారూ. ఖాళీగా కనబడే గవ్వలో సన్యాసి పీత ఉండొచ్చు, లేకపోతే రేపు ఏదో పీతకి ఇల్లవుతుంది. శంకువులా కోసుగా, రంగురంగుల మచ్చలతో ఉండే కోన్ నత్త గవ్వని అసలు ముట్టుకోనివ్వొద్దు. ప్రాణం తీసే విషం ఉన్న రకాలున్నాయి. కుడితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పగడాలు, సముద్ర గుర్రాలు, దోసకాయలా ఉండే సీ కుకుంబర్ అనే జీవులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, ఇంటికి తేవడం నేరం. ఫోన్ ఇచ్చి ఫొటోలు తీసుకోమనండి.