ఆ నంబరులో ఎస్‌ఎస్ లేదు

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ వంటల దగ్గర నిలబడిన అక్కచెల్లెళ్లకు ముందుగా దండాలు. నన్ను అమెరికన్ మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజన్ పెట్టిన జోరు కార్ల, చరిత్ర చెప్పమన్నారు. అంత చరిత్ర ఇరవై నిమిషాల్లో అవదు. ఒక్క ముక్క చెప్తాను: మోడల్ వేరు, ప్యాకేజీ వేరు. మోడల్ అంటే విడి కారు. ప్యాకేజీ అంటే ఉన్న కారుకే అదనపు డబ్బుతో పెట్టించుకునే సరంజామా. ఈ తేడా తెలియకే నేను మోసపోయాను.

1964లో జనరల్ మోటార్స్ వాళ్ల పాంటియాక్ జీటీఓ వచ్చినప్పుడు అది విడి మోడల్ కాదు. మధ్యతరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో కట్టడి ఉండేది. కొత్త మోడల్ అంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. అందుకని పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డిలోరియన్, ఆయనతో పనిచేసిన ఇంజనీర్లు 389 ఇంజన్‌ను టెంపెస్ట్ లెమాన్స్ అనే కారు మీద సుమారు 295 డాలర్ల ఆప్షన్‌గా పెట్టేశారు. జీటీఓ సొంత మోడల్ అయింది 1966లో. ఆ ఏడాది నుంచి వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబరు, 242తో మొదలవుతుంది. 1964, 65 బళ్ల నంబరు చూస్తే జీటీఓయో కాదో తెలియదు. 1972లో మళ్లీ ప్యాకేజీగా మారిపోయింది.

షెవ్రొలే వాళ్ల కమారో గురించి కూడా రాసుకొచ్చాను. ఆర్‌ఎస్ అంటే సోకు, మూతలు పడే హెడ్‌లైట్లు. ఎస్‌ఎస్, అంటే సూపర్ స్పోర్ట్, బలమైన ఇంజన్ ప్యాకేజీ. రెండూ ఒకే కారుకి పెట్టించుకోవచ్చు. జెడ్28 రేసుల కోసం చేసిన 302 ఇంజన్ బండి, 1967లో 602 మాత్రమే తయారయ్యాయి. ముస్టాంగ్ కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను. నా సంగతి చెప్పకుండా ఉండలేను.

డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూలో ఆగస్టు నెల కార్ల ఊరేగింపు మీరంతా చూసే ఉంటారు. మొదటిసారి చూసినప్పటి నుంచీ షెవ్రొలే వాళ్లదే షెవెల్ కారు నా మనసులో కూర్చుంది. మా అమ్మాయి కాలేజీకి వెళ్లిన ఏడాది 1970 షెవెల్ కొన్నాను. గ్రిల్ మీద ఎస్‌ఎస్, తలుపు తీస్తే ఎస్‌ఎస్. ఎస్‌ఎస్ ధరే ఇచ్చాను. అమ్మినాయన పేరు ఇక్కడ చెప్పను.

నెల తిరక్కుండా ఒక ముసలి మెకానిక్ కింద దూరి, వెనక యాక్సిల్ మూత బోల్టులు లెక్కపెట్టాడు. పది. ఆ ఏడాది ఎస్‌ఎస్‌కి పన్నెండు ఉండాలి. నాది ఎస్‌ఎస్ ప్యాకేజీ లేని మామూలు షెవెల్ మాలిబు!

వీఐఎన్ చూసుకోలేదా అంటారు. చూశాను. 13637. బాబూ, షెవెల్ కొంటానన్నావు కదా, ఇది రాసుకో. 1966 నుంచి 68 దాకా ఎస్‌ఎస్396కి 138 అని సొంత నంబరు ఉంది. 1969 నుంచి అది ఆప్షన్. 1970లో 396 ఇంజన్ ప్యాకేజీ కోడ్ జెడ్25, 454 ఇంజన్‌ది జెడ్15. ప్యాకేజీ ఉన్నా లేకపోయినా వీ8 మాలిబు కూపే నంబరు 13637తోనే మొదలవుతుంది. బోల్టులు పన్నెండు ఉన్నా పొంగిపోకు, యాక్సిల్ మార్చేయొచ్చు. బిల్డ్ షీట్ అడుగు. ఫ్యాక్టరీలో కారు బిగించేవాళ్ల కోసం వేసిన కాగితం అది. ఒక్కోసారి పెట్రోలు ట్యాంకు పైన, సీటు స్ప్రింగుల్లో చిక్కుకుని ఇప్పటికీ దొరుకుతుంది. కాగితం లేదంటే మాలిబు ధరే ఇవ్వు. మొహమాటపడకు. మళ్లీ చెప్తున్నా, మొహమాటపడకు. నేను మొహమాటానికే పోయాను.

ఆ బండి అమ్మలేదు. ఎస్‌ఎస్ అక్షరాలు నా చేత్తోనే ఊడదీశాను. బయట పార్కింగ్‌లో ఎర్రది అదే. భోజనాలయ్యాక టార్చి తెస్తాను. కింద పడుకోగలిగినవాళ్లు రండి, బోల్టులు లెక్కపెడదాం.