ఇన్సూరెన్స్ లేని కారు: ఫైన్ కట్టేస్తే అయిపోతుందా?

యాంకర్: నమస్కారం. ఇన్సూరెన్స్ లేకుండా కారు బయటికి తీస్తే ఏమవుతుంది? "ఏముంది, పట్టుకుంటే ఫైన్ కడదాం" అనేవాళ్లే ఎక్కువ. లాయర్ గారూ, అంతేనంటారా?

న్యాయవాది: ఏ దేశంలో నడుపుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. బ్రిటన్‌లో పట్టుబడితే 300 పౌండ్లు, దాంతో పాటు లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్లు. లైసెన్స్ వచ్చి రెండేళ్లు కాని కుర్రాడైతే ఆ ఆరు పాయింట్లకే లైసెన్స్ పోతుంది. కారును అక్కడికక్కడే స్వాధీనం చేసుకోవచ్చు, చివరికి తుక్కు కూడా చేయొచ్చు. జర్మనీలోనైతే ఇది క్రిమినల్ నేరం. ఏడాది దాకా జైలు వేయొచ్చు.

కారు యజమాని: ఇండియాలో రెండు వేలేగా సార్!

న్యాయవాది: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మొదటిసారికి 2000, మళ్లీ దొరికితే 4000. కానీ మూడు నెలల వరకు జైలు అనే మాట కూడా అదే 196వ సెక్షన్‌లో ఉంది. అందరికీ రెండు వేలే గుర్తుంటాయి.

క్లెయిమ్స్ మాజీ అధికారి: ఒక్క నిమిషం. ఇందాకటి నుంచి చలానా చుట్టూనే తిరుగుతున్నాం. అసలు దెబ్బ యాక్సిడెంట్ అయ్యాక తగులుతుంది. అవతలి మనిషి ఆసుపత్రి ఖర్చు, పోయిన సంపాదన, ప్రాణం పోతే కుటుంబానికి పరిహారం... వీటి ముందు ఫైన్ ఎంత? పాలసీ ఉంటే కంపెనీ కడుతుంది. లేకపోతే మీ ఇల్లు, మీ జీతం. బ్రిటన్‌లో మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో 1946 నుంచి ఉంది. పాలసీ లేని కారు గుద్దితే బాధితుడికి పరిహారం అదే ఇస్తుంది. ఇచ్చి ఊరుకోదు, ఆ డ్రైవర్ మీద వసూలుకు వస్తుంది.

కారు యజమాని: తప్పు నాదైతే కదండీ. ఎదుటివాడే వచ్చి గుద్దితే నాకేం టెన్షన్?

న్యాయవాది: కాలిఫోర్నియాలో అలా అనుకుంటే దెబ్బ తింటారు. 1996లో ఓటర్లే ఆమోదించిన చట్టం ఉందక్కడ. మీ కారుకు ఇన్సూరెన్స్ లేదనుకోండి, తప్పు పూర్తిగా ఎదుటివాడిదే అయినా వైద్యం ఖర్చు, జీతం నష్టం వరకే అడగగలరు. అనుభవించిన నొప్పికీ బాధకీ పైసా రాదు. ఎదుటివాడు తాగి నడిపినట్టు శిక్ష పడితేనే మినహాయింపు. నాకైతే ఫైన్ కన్నా ఇదే కఠినంగా కనిపిస్తుంది.

యాంకర్: అసలు తప్పనిసరి కాని దేశాలూ ఉన్నాయట?

క్లెయిమ్స్ మాజీ అధికారి: న్యూజిలాండ్ ఉంది. అయితే అక్కడ గాయాల సంగతి 1974 నుంచి ప్రభుత్వ పథకమే చూసుకుంటుంది, తప్పెవరిదని అడగదు. ఆ డబ్బులో కొంత పెట్రోల్ మీద, కారు రిజిస్ట్రేషన్ మీద వసూలు చేసిందే. ప్రీమియం అనరు, అంతే! కారుకైన నష్టం మాత్రం ఆ పథకంలోకి రాదు, తప్పు చేసినవాడి దగ్గర రాబట్టుకోవాలి.

కారు యజమాని: కారు స్నేహితుడికిచ్చాననుకోండి. వాడు పట్టుబడితే నాకేం సంబంధం?

న్యాయవాది: బ్రిటన్‌లోనూ ఇండియాలోనూ చట్టం నడిపినవాడితో ఆగదు. ఇన్సూరెన్స్ లేని బండిని నడపనిచ్చినవాడిదీ నేరమే.

కారు యజమాని: సరే, ఆఖరిది. పాలసీ ముగిసి రెండు రోజులే అయితే?

క్లెయిమ్స్ మాజీ అధికారి: ఆ రెండు రోజుల్లో గుద్దారా?

కారు యజమాని: ఊరికే అడుగుతున్నానండీ...

క్లెయిమ్స్ మాజీ అధికారి: గుద్దితే పాలసీ లేనట్టే లెక్క. మర్నాడు పరిగెత్తుకెళ్లి రెన్యూవల్ చేయించినా నిన్నటి ప్రమాదానికి అది పనికిరాదు.