వేసవి నిమ్మకు జూన్‌లోనే పని మొదలు

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నెల్లూరు జిల్లాలో వెలిగొండల అంచున రాపూరు, సైదాపురం, పొదలకూరు వైపు నిమ్మతోట ఉన్నవాళ్లకు ధర సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. జనవరి, ఫిబ్రవరి పూత జూన్ దాటాక కాయై, అందరి కాయతో కలిసి గూడూరు మార్కెట్టుకు చేరుతుంది. ధర పడిపోతుంది. గిరాకీ ఉండేది ఎండల్లో. పూత నుంచి కోతకు ఐదారు నెలలు పడుతుంది గనుక ఆ కాయకు పూత సెప్టెంబరు, అక్టోబరుల్లో రావాలి.

నీళ్లు ఆపి చెట్టును వాడగొడితే పూస్తుందని చాలామంది నమ్ముతారు. మన జిల్లాలో దాన్ని నమ్ముకోలేం. అదే వేళకు ఈశాన్య రుతుపవనాల వాన మొదలవుతుంది, పూతకు బదులు చిగురు తోసుకొస్తుంది. అందుకే మూడు పిచికారీలు చెబుతున్నాం.

జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోను 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు), అంటే అసలు పొడి అయితే 100 లీటర్లకు 5 గ్రాములు. పొడి నేరుగా నీళ్లలో కలవదు, ముందు కాస్త స్పిరిట్‌లో కరిగించండి. అది అప్పటి పూతను ఆపి, చెట్టు సత్తువను నిలుపుతుంది. సెప్టెంబరులో సైకోసిల్ 1000 పీపీఎం. 50 శాతం మందయితే లీటరుకు 2 మిల్లీలీటర్లు. కొమ్మ సాగకుండా పట్టి ఉంచుతుంది. అక్టోబరులో పూత కోసం పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాములు. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు కొసలు మాడతాయి. ఎండుకొమ్మలున్న నీరసపు చెట్లకు ఇవేవీ వద్దు, ముందు వాటిని కోలుకోనివ్వండి.

వానల్లో ఆకు, కాయ మీద గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులు కాయను పాడు చేస్తుంది. లేత ఆకు మీద పాము పాకినట్టు తెల్లగీతలు కనిపిస్తే ఆకుతొలిచే పురుగు వచ్చిందని అర్థం. అది చేసిన గాయాల్లోంచే గజ్జి లోపలికి పోతుంది, కాబట్టి పురుగును వదిలి గజ్జికి మాత్రమే మందు కొడితే డబ్బు దండగ. గజ్జికి 10 లీటర్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ 30 గ్రాములు.

మొదలు దగ్గర నీరు నిలిస్తే కాండం నుంచి బంక కారే బంక తెగులే. వానలకు ముందే మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, కాండానికి బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు. ఇనుప పాత్ర వాడకండి, ప్లాస్టిక్ తొట్టిలో కలపండి. తర్వాత శుభ్రమైన ఇనుప కత్తి ఒక నిమిషం ముంచి తీయండి. రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదు. రంగు పట్టనంతవరకు సున్నపునీరు కలుపుతూ పోయి, అదే రోజు పూసేయండి.