గాడిద ఒకటి, ఏనుగులు పదకొండు

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు ఫోను చేసి, "ఆఫ్రికాలో సింహాలను చూసి వచ్చారట కదా, ఒక గంట మాట్లాడండి" అన్నారు. సింహం గురించి నా దగ్గర రెండు నిమిషాల సరుకే ఉంది. మేము చూసిన ఒకే ఒక సింహం పొద కింద వెల్లకిలా పడి నిద్రపోతోంది. తోక తప్ప ఏమీ కదల్లేదు. అందుకని ఇవాళ ఒక గాడిద గురించి, కొన్ని ఏనుగుల గురించి చెబుతాను. మా ఆయన మూడో వరుసలో కూర్చున్నారు. నేను ఎక్కడ పొరపాటు చెప్పినా ఆయన దగ్గుతారు. చిరుత సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆ దగ్గును పట్టించుకోకండి. ఆయన చూశానంటున్న చిరుత ఒక చెదపుట్ట.

బోట్స్వానాలో మేము మూడేళ్ళున్నాం. రాజధాని గాబరోన్‌లో ఆయనది లెక్కలు చూసే ఉద్యోగం. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే ఎంతో, ఆ దేశం దానికి రెండింతలు. జనం మాత్రం 2022 లెక్కల ప్రకారం 24 లక్షలకు కాస్త తక్కువ. 2011లోనే మన నగరంలో 67 లక్షలు దాటారు. అక్కడ ఊరు దాటి గంటసేపు కారు నడిపినా ఎదురొచ్చే బండ్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పదేళ్ళు అమీర్‌పేటలో క్లచ్చు తొక్కిన మనిషిని తీసుకెళ్ళి అలాంటి రోడ్డు మీద వదిలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పైగా అక్కడ కూడా మనలాగే ఎడమవైపే నడపాలి కాబట్టి, ఆయనకు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదనిపించింది.

ఒకటి ఉంది. పలకరింపు. వాళ్ళ భాష సెట్స్వానా. అందులో మగవాళ్ళను గౌరవంగా 'రా' అంటారు, ఆడవాళ్ళను 'మ్మా' అంటారు. 'మ్మా'తో నాకు ఇబ్బంది లేదు, మన 'అమ్మా' లాగే ఉంది. మొదటి రోజు మా అపార్టుమెంటు వాచ్‌మన్ మా ఆయనను చూసి నవ్వుతూ "డుమెలా రా" అన్నాడు. ఈయన ముఖం చూడాలి! "ముక్కూ ముఖం తెలియనివాడు నన్ను పట్టుకుని రా అంటాడేమిటి?" అని లిఫ్టులో పైదాకా గొణుగుతూనే వచ్చారు. 'నమస్కారమండీ' అన్నాడని తెలిశాక మాత్రం రోజుకు పదిసార్లు అనిపించుకోవడానికి కిందికి దిగేవారు. అక్కడ దుకాణంలో ఉప్పు అడగాలన్నా ముందు డుమెలా అనాలి, ఎలా ఉన్నారని అడగాలి, ఆ తరువాతే ఉప్పు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో గాడిద దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

2022 జులైలో ఉత్తరాన కొసన ఉన్న కసానే వెళదామనుకున్నాం. చోబే నది ఒడ్డున ఉన్న ఊరు. సుమారు 920 కిలోమీటర్లు. మధ్యలో ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఒక రాత్రి బస. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాలన్నది ఒప్పందం. పులిహోర కలిపాను, పెరుగన్నంలోకి పాలు తోడుపెట్టుకున్నాను, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా ఎక్కించాను. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు, పెద్దావిడ, ముందురోజే హెచ్చరించింది. "రోడ్డు మీద మేక కనిపిస్తే అది పరుగెడుతుంది. ఆవు ఆలోచిస్తుంది. గాడిద నిలబడుతుంది. రాత్రి నడపవద్దు." మేము ఏనుగుల గురించి అడిగితే ఆవిడ గాడిద గురించి చెబుతోందేమిటని లోపల నవ్వుకున్నాను.

ఆఫీసులో ఏదో లెక్క తేలక, ఐదింటికి కదలవలసిన కారు మధ్యాహ్నం ఒకటిన్నరకు కదిలింది. జులై అక్కడ చలికాలం. సాయంత్రం ఆరయ్యేసరికి చీకటి పడుతుంది. మహలాప్యే ఇంకా రాకముందే మకర రేఖ దగ్గర ఒక బోర్డు ఉంటుంది. దిగి ఫోటో తీసుకున్నాం. సంక్రాంతికి పంచాంగంలో చదివే మకరం ఒక తారు రోడ్డుకు అడ్డంగా పోతుందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ ఫోటోకు పావుగంట పోయింది. ఆ పావుగంట పొద్దు తరువాత అక్కరకు వచ్చేది.

పలాప్యే దాటిన తరువాత పూర్తిగా చీకటి. నూటపది మీద వెళుతున్నాం. దీపాల వెలుగులో ముందు ఏమీ లేదు, అంతలోనే ఒక బూడిదరంగు గోడ లేచింది. బ్రేకు ఎంత గట్టిగా పడిందంటే వెనక సీటులో పులిహోర గిన్నె మూత ఎగిరి, శనగపప్పుతో సహా ముందు అద్దానికి తగిలింది. కారు ఆగేసరికి గాడిదకూ మా బంపరుకూ మధ్య మూరెడు దూరం ఉంది. అది మావైపు చూడనైనా లేదు. తల వంచుకుని అడ్డంగా నిలబడి ఉంది. ఆవు కళ్ళయితే దీపానికి మెరుస్తాయి, దూరం నుంచే తెలుస్తుంది. తల తిప్పుకుని ఉన్న గాడిదలో మెరిసేదేమీ లేదు. పగలంతా ఎండకు కాగిన తారు ఆ చలిలో ఇంకా వెచ్చగా ఉంటుంది, అందుకని అక్కడ నిలబడిందేమో. కనురెప్పల వెంట్రుకల మీద దుమ్ము కూడా కనబడుతోంది నాకు. ముందరికాళ్ళు రెండింటినీ కలిపి తోలుతాడుతో కట్టేశారు. ముందరికాళ్ళకు బంధం వేయడమని మనం మాటవరుసకు అంటుంటాం కదా, నేను ఆ బంధాన్ని కళ్ళతో చూడడం అదే మొదలు. అది తప్పుకోవాలనుకున్నా గెంతుకుంటూ తప్పుకోవాలి.

మా ఆయన హారన్ కొట్టారు. గాడిద ఒక చెవి మాత్రం ఇటు తిప్పింది. మళ్ళీ కొట్టారు. ఆ చెవి కూడా అటు తిప్పేసుకుంది. అప్పుడు రోడ్డు పక్క చీకట్లోనుంచి దుప్పటి కప్పుకున్న ఒక కుర్రవాడు వచ్చాడు. గాడిద దగ్గరికి పోలేదు. ముందు మా కిటికీ దగ్గరికి వచ్చి, "డుమెలా రా, డుమెలా మ్మా, ఎలా ఉన్నారు?" అని తీరికగా అడిగాడు. చేతులు వణుకుతున్న మనిషి బాగున్నామని చెప్పాలి, అతన్ని బాగున్నావా అని అడగాలి. ఆ మర్యాదలన్నీ అయ్యాక గాడిద మెడ మీద చెయ్యివేసి పక్కకు నడిపించుకుపోయాడు. అక్కడినుంచి ఫ్రాన్సిస్‌టౌన్ దాకా అరవై దాటలేదు. ఒక్క మాట మాట్లాడుకోలేదు. కారంతా ఇంగువ వాసన.

(దగ్గారు. నూటపది కాదు, నూరే అంటున్నారు. సరే, నూరు.)

మరునాడు పొద్దున్నే బయలుదేరాం. నాటా అనే ఊరినుంచి కసానే దాకా 300 కిలోమీటర్లు. ఇక్కడినుంచి ఏనుగు బొమ్మల బోర్డులు మొదలవుతాయి. ఆ ఏడాదే ఐదు దేశాలకు విస్తరించిన కవాంగో–జాంబేజీ ప్రాంతమంతటా విమానాలలో తిరిగి ఏనుగులను లెక్కపెట్టారు. అంచనా 2,27,900. అందులో 1,31,909 ఒక్క బోట్స్వానాలోనే. మన దేశం మొత్తంలో 2017 గణన చెప్పినవి 29,964. అంకెలు చెప్పగానే మీరు తలలు ఊపారు. నేను కూడా కారులో గైడు పుస్తకం చదువుతూ అలాగే ఊపాను. పండమటెంగా దాటాక మా ముందు ఒక లారీ రోడ్డు మీద ఆగి ఉంది. దాని ముందు ఏమీ లేదు. మా ఆయన దాన్ని దాటుకుని పోబోయారు. అప్పుడు చెట్లలోనుంచి మొదటి ఏనుగు బయటికి వచ్చింది.

అంత పెద్ద శరీరం, చప్పుడే లేదు. పాదం కింద మెత్త ఉంటుంది కదా, బరువు దిగినప్పుడు ఆ పాదం దిండులా పక్కలకు సాగుతోంది, ఎత్తగానే దగ్గరకు వస్తోంది. రోడ్డు మధ్యకు వచ్చి మావైపు తిరిగి నిలబడింది. రెండు చెవులూ విప్పింది. వాటి మందను నడిపించేది పెద్ద వయసు ఆడ ఏనుగు. ఇది ఆవిడే. మా ఆయన చెయ్యి తనంతట తానే హారన్ మీదికి పోయింది. అమీర్‌పేట చెయ్యి మరి. నేను దాని మీద నా చెయ్యి పెట్టి నొక్కి పట్టుకున్నాను. "ఏమండీ, వెనక్కి" అన్నాను. గొంతు బయటికి వచ్చిందో లేదో తెలియదు. ఆయన రివర్సు వేసి, నత్తలాగా లారీ వెనక్కు చేర్చారు.

ఆవిడ వెనక ఒకటొకటిగా పది దాటాయి. చివరిది పిల్ల. వీపు మీద ఎర్రని నూగు. రోడ్డు మధ్య తెల్లగీత దగ్గర ఆగిపోయింది. మన ఏనుగుకు తొండం కొసన వేలులాంటిది ఒకటే ఉంటుంది. ఆఫ్రికా ఏనుగుకు రెండు, పట్టకారులాగా. ఆ పిల్ల ఆ రెండు వేళ్ళతో తెల్లగీతను పట్టి పైకి లేపాలని చూస్తోంది. గీత రాదు. మళ్ళీ పడుతుంది. తల్లి అవతలి గట్టునుంచి వెనక్కి వచ్చి కాలితో నెట్టేదాకా అదే పని. ఎంతసేపని అడిగితే మా ఆయన పది నిమిషాలంటారు, నేను ఇరవై అంటాను. లారీ డ్రైవరు మాత్రం ఇంజను ఆపేసి, డబ్బా తెరిచి అన్నం తింటున్నాడు. 2021లో జాంబియాకు దాటించే కజుంగులా వంతెన తెరిచాక జాంబియా లారీలన్నీ ఆ దారినే. అతనికి ఇది వారానికి రెండుసార్లు జరిగే పని.

కసానేలో మేము దిగిన ఇంట్లో వంట చేసే ఆవిడకు ఇదంతా ఊపిరాడకుండా చెప్పాను. ఆవిడ జొన్నసంకటి గెలుకుతూ విన్నది. వాళ్ళు బొగొబె అంటారు, మన సంకటికి అక్కచెల్లెలు. అంతా విని, "మా అన్న చేలో కూడా పడ్డాయి, నిరుడు" అన్నది. అంతే. ఆ ఏడు వాళ్ళకు గింజ లేదు. తరువాత నెమ్మదిగా చెప్పింది. ఎండుమిరపకాయలు దంచి, ఏనుగు పేడలోనే కలిపి, ఇటుకల్లాగా ఎండబెట్టి, రాత్రిపూట చేను చుట్టూ కాలుస్తారట. ఏనుగు ముక్కు ఆ ఘాటుకు తట్టుకోలేదు. నాకు ఉత్సాహం వచ్చి, సామానులోనుంచి గుంటూరు కారం పొట్లం తీసి ఇచ్చాను. వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "ఇది ఏనుగుకు ఎందుకు, మేమే తింటాం" అన్నది.

ఆ రాత్రి నాకు కాస్త సిగ్గేసింది. కారు అద్దం వెనక కూర్చుని, ఇంటికి వెళ్ళి చెప్పుకోవడానికి ఒక కథ దొరికిందని సంబరపడ్డ మనిషిని నేను. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్రనుంచి ఒక ఏనుగు దాటి వచ్చి మన ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతులను చంపినప్పుడు నాకు ముందుగా ఆ వంటావిడే గుర్తొచ్చింది. అక్కడివాళ్ళకు ఏనుగుతో తరతరాల పరిచయం ఉంది, పొగ వేయడం తెలుసు, చీకటి పడ్డాక ఏ దారిన నడవకూడదో తెలుసు. ఆసిఫాబాద్ రైతుకు ఏనుగంటే గుడిలో దీవించేదే. అతనికి ఎవరు చెప్పారు?

పడవ షికారు గురించి రెండు మాటలు. చోబే నది మధ్యలో సెడుడు అని ఒక లంక ఉంది. గడ్డి తప్ప మరేమీ లేదు. అది మాదంటే మాదని బోట్స్వానా, నమీబియా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళాయి. 1999లో బోట్స్వానాకు వచ్చింది. కృష్ణా నీళ్ళ పంచాయితీ వింటూ పెరిగినవాళ్ళం, మాకు ఇట్టే అర్థమైంది. అడవి దున్నలు మాత్రం రెండు ఒడ్డులనుంచీ ఈదుకుంటూ వచ్చి మేస్తున్నాయి. చెదపుట్ట అక్కడే ఉంది, ఎడమ ఒడ్డున.

తిరుగు ప్రయాణంలో డిబెటే దగ్గర పశువైద్య తనిఖీ. అడవి దున్నలనుంచి పశువులకు గాలికుంటు సోకకుండా దేశాన్ని కంచెలతో విభజించారు. ఐరోపాకు మాంసం అమ్మే దేశం, ఆ కంచె వాళ్ళకు ప్రాణం. అలాంటి కంచెలే అడ్డుపడి, 1980లలో కరవుకాలంలో నీళ్ళు వెతుక్కుంటూ వచ్చిన విల్డెబీస్టులనే అడవి జంతువులు వేల సంఖ్యలో చనిపోయాయి. ఏది తప్పనాలో నాకు తెలియదు. మందునీళ్ళ గోనె మీద చెప్పులు అద్ది నిలబడ్డాం. అధికారి డిక్కీలో గోంగూర సీసా ఎత్తి, లోపలి నల్లటి ముద్దను చూసి "నామా?" అన్నాడు. మా ఆయన నుదురు తడుముకున్నారు. "నామం ఎందుకు పెట్టుకోలేదంటున్నాడే" అన్నారు నాతో. నామా అంటే మాంసం. ఆకుకూర అని నమ్మించడానికి మూత తీసి వాసన చూపించవలసి వచ్చింది. అతను ఒక అడుగు వెనక్కి వేసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు.

ఇక ఇక్కడి సంగతి. నిరుడు కార్తీకంలో శ్రీశైలం బయలుదేరాం. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను పోనివ్వరు. మన్ననూరు గేటుకు మేము చేరేసరికి తొమ్మిదీ పది. అప్పటికే అక్కడ అరుపులు. ఎవరెవరికో ఫోన్లు. మా ఆయన కారు పక్కకు తీసి, డబ్బా తెరిచి పులిహోర తినడం మొదలుపెట్టారు, అచ్చం ఆ లారీ డ్రైవరులాగా. కారులోనే పడుకున్నాం. పొద్దున గేటు దాటిన కాసేపటికి ఒక దుప్పుల గుంపు రోడ్డు ఎక్కింది. ఆయన ఆపారు. వెనక కారు హారన్ మోగింది, ఆగకుండా. ఈయన కిటికీలోనుంచి చెయ్యి బయట పెట్టి, ఆగమన్నట్టు చూపించి, అలాగే ఉంచారు. చివరి పిల్ల దాటేదాకా ఆ చెయ్యి దించలేదు. మమ్మల్ని దాటుకుపోతూ ఆ కారాయన అన్న మాటలు ఈ సభలో చెప్పేవి కావు. వాటిలో 'రా' మాత్రం ఉంది, సెట్స్వానా రా కాదు.

ప్రశ్నలుంటే అడగండి. చిరుత ప్రశ్నలు మూడో వరుసకు. ఇంకొకటి, బోట్స్వానాలో పెద్దలు ప్రసంగం ముగించి "పులా!" అంటారు, సభ అంతా "పులా!" అంటుంది. వాన అని అర్థం. వాన కరువైన ఎడారి దేశం, వాళ్ళ రూపాయి పేరు కూడా పులాయే. కానీ బయట ఉరుముతోంది, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అప్పుడే నీళ్ళు నిలిచాయట. మీరంతా ఇళ్ళకు చేరవలసినవాళ్ళు. ఇవాళ్టికి ఆ మాట అనను.