చెరువు పోయింది, పిల్లల భరణం తగ్గుతుందా? ఫారం నింపి చూపిస్తాను

నమస్తే అండి. స్క్రీన్ కనపడుతోందా? ఆఁ, వచ్చింది.

మొన్న భీమవరం వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఇద్దరు పిల్లలకి నెలకి 12 వేలు కట్టమని కోర్టు ఆర్డర్. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి చెరువు పోయింది. "ఇప్పుడు ఎంత కట్టాలండి?" అని. 12 వేలే అండి. ఆర్డర్ మారేదాకా 12 వేలే. ఆదాయం తగ్గింది కదా అని మనంతట మనమే 5 వేలు పంపితే మిగతా 7 వేలు బకాయి కింద పెరుగుతూనే ఉంటుంది. దాని మీద వారంట్ రావచ్చు, జైలు దాకా కూడా వెళ్లొచ్చు. కట్టగలిగినంత కట్టండి, వెంటనే పిటిషన్ వేయండి.

భరణం మార్చమని వేసే పిటిషన్ సెక్షన్ ఇదిగో. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 127, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 146. 2024 జూలై 1 నుంచి కొత్తది. ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే వేయాలి. పేర్లు, పాత కేసు నంబరు, పాత ఆర్డర్ కాపీ, ఇవన్నీ మామూలే, దాటేస్తున్నాను.

ఇక్కడ ఆగుదాం. అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి ఇచ్చే పత్రం. 2020 నవంబర్ 4న రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ రాసి ఇద్దరూ అఫిడవిట్ ఇవ్వాలంది. నమూనా కూడా తీర్పు చివర్లోనే ఉంది. చూడండి, ఎన్‌క్లోజర్ 1, వ్యవసాయం కానివాళ్లది... కిందకి వెళ్తున్నాను... ఎన్‌క్లోజర్ 2. ఈ రెండోది వ్యవసాయం చేసేవాళ్లది. నేను మొదట్లో బోల్తా పడింది ఇక్కడే అండి.

మా క్లయింటుది రొయ్యల చెరువు. నేనేమో ఆ మొదటి ఫారం తీసి, నెల ఆదాయం గడిలో ఆ నష్టపోయిన ఏడాది లెక్కని 12తో భాగించి రాసేశాను. అవతలి ప్లీడరు గారు లేచి అంతకుముందు ఏళ్లలో రొయ్యలు పట్టి అమ్మిన బిల్లులు చూపించారు. కోర్టు ఏమనుకుంటుంది? దాస్తున్నాడనుకుంటుంది. మళ్లీ వేసుకోమన్నారు, వాయిదా మీద వాయిదా.

రెండో ఫారంలో గత 3 ఏళ్ల ఆదాయం అడుగుతుంది, చేపల పెంపకం కూడా రాయమంటుంది. ఉదాహరణకి, లీజు, సీడ్ (రొయ్య పిల్లలు), మేత, నీళ్లలో గాలి ఆడించే ఏరియేటర్ల కరెంటు ఖర్చు తీసేశాక మొదటి ఏడాది 6 లక్షలు మిగిలింది, రెండో ఏడాది 4 లక్షల 80 వేలు, మూడో ఏడాది లక్షా 20 వేలు. మూడో ఏడాదే రాస్తే నెలకి 10 వేలు. మూడూ కలిపి 36 నెలలకి పంచితే 33 వేల పైచిలుకు. చూశారా తేడా! రెండూ రాయండి, పడిపోవడానికి కారణం కూడా రాయండి. మేత కొట్టు ఖాతా, లీజు కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. భూమి వివరాలకి నేనైతే ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో 1బి అనే భూమి ఖాతా కాగితం తీసుకుంటాను. తీర్పు పీడీఎఫ్‌లో ఈ ఫారం వెతకడానికి కంట్రోల్ ఎఫ్ కొట్టండి, పేజీలు తిప్పుతూ కూర్చోకండి.

ఇంత ఆదాయానికి ఇంత భరణం అని లెక్క కట్టే ఫార్ములా మన దగ్గర లేదండి. 25 శాతం అని తిరుగుతోందే, అది 2017లో ఒక భార్య భరణం కేసులో సుప్రీంకోర్టు అన్నమాట, అందరికీ అతికించే కొలబద్ద కాదు. పిల్లల ఫీజులు, తిండి, మందులు, తండ్రికున్న ఇతర బాధ్యతలు, తల్లి సంపాదన, అన్నీ చూస్తారు. ఒంట్లో శక్తి ఉండి పని మానేశానంటే మాత్రం వినరు.

తల్లులకి కూడా ఇదే సెక్షన్ అండి. తండ్రి జీతం పెరిగినా, పిల్లాడు స్కూలు నుంచి ఇంటర్‌కి వచ్చి ఖర్చు పెరిగినా పెంచమని అడగొచ్చు. ఆయన పేస్లిప్ మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు, ఆయన చేత కూడా అఫిడవిట్ వేయిస్తారు.

పిటిషన్ పడ్డాక అంకెలు, అక్షరాలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు, అంటే కేసు గుర్తింపు నంబరు వస్తుంది. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా తేదీ కనపడుతుంది. నేను ఆ నంబరు ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుంటాను. మీరూ అలా చేయండి. స్క్రీన్ ఆపేస్తున్నానండి, ఉంటాను.