కూలిన విమానం మ్యూజియంలోకి ఎలా వచ్చింది? జేసన్ కథ, మధ్యలో ఒక నులక మంచం

హాయ్ అండీ, పోయిన వీడియోలో లండన్ సైన్స్ మ్యూజియంలో పైన వేలాడే ఆకుపచ్చ బైప్లేన్ (రెక్క మీద రెక్క ఉండే పాత విమానం) ఫోటో ఒకటి పెట్టా కదా. ఇంక చూస్కోండి, "బ్రో అది బ్రిస్బేన్‌లో కూలిపోయింది, ఇది డూప్లికేట్" అని ఒకటే కామెంట్లు. ఒకళ్ళిద్దరైతే వదిలేసేవాణ్ణి, ఇది చాలామందికి ఉన్న డౌట్ అని అర్థమైంది.

తప్పు మీది కాదు లెండి, ఆ "కూలిపోయింది" అన్న మాటదే. టీవీలో చక్రం విరిగినా కూలిపోయింది అంటారు, కొండకి గుద్దుకున్నా కూలిపోయింది అంటారు. అది వినగానే మనకి మంటలు, పొగ, బూడిదే గుర్తొస్తాయి.

ఇది జిప్సీ మాత్, డీ హావిలాండ్ కంపెనీది, పేరు జేసన్. బ్రిటిష్ మహిళా పైలట్ ఎమీ జాన్సన్ దీన్ని సెకండ్ హ్యాండ్‌లో 600 పౌండ్లకి కొనింది. (జేసన్ అంటే గ్రీకు వీరుడు అనుకుంటారు అందరూ, కానీ అది వాళ్ళ నాన్నగారి చేపల వ్యాపారం ట్రేడ్‌మార్క్. నాకైతే ఇదే నచ్చింది.)

ఇప్పుడు మీ తాతయ్య నులక మంచం గుర్తు తెచ్చుకోండి. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, మధ్యలో నులక. జిప్సీ మాత్ కూడా దాదాపు అంతే. చెక్క ఫ్రేమ్, రెక్కల మీద గుడ్డ, ఆ గుడ్డ మీద డోప్ అని ఒక పూత వేస్తారు, అది ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుంటుంది, గంజి పెట్టిన పంచె కంటే గట్టిగా. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య వైర్లు కడతారు. గాల్లో ఉన్నప్పుడు రెక్క పైకి లేచిపోకుండా కొన్ని పట్టుకుంటే నేల మీద ఉన్నప్పుడు రెక్క కిందకి వాలిపోకుండా కొన్ని పట్టుకుంటాయి. అవి వదులైతే కుక్కి మంచమే, మళ్ళీ బిగించాలి. కోడు విరిగితే మంచం పారేస్తామా? వడ్రంగి కొత్త కోడు చెక్కుతాడు. నులక తెగితే మళ్ళీ అల్లుతాం. అయినా అది తాతయ్య మంచమే కదా.

పైగా ఈ విమానం దిగే స్పీడ్ గంటకి 65, 70 కిలోమీటర్లు, మన బైక్ స్పీడ్. చెక్క విరిగి ఆ దెబ్బని తను తీసుకుంటుంది, చాలాసార్లు మనిషి బయటికి నడిచొస్తాడు.

1930 మే 5న ఎమీ లండన్ దగ్గర క్రొయ్‌డన్ నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా బయల్దేరింది, వయసు 26. అంతకుముందు ఆమె చేసిన పెద్ద ప్రయాణం ఏంటంటే లండన్ నుంచి వాళ్ళ ఊరు హల్ దాకా, అంతే! కాకపోతే గ్రౌండ్ ఇంజనీర్ లైసెన్స్ ఉంది, ఇంజన్ విప్పి బిగించడం వచ్చు, నన్నడిగితే ఆమెని ఒడ్డుకి చేర్చింది అదే.

బాగ్దాద్‌లో దిగేటప్పుడు చక్రాల దగ్గర కర్ర విరిగింది, అంటే మంచం కోడు పోయింది, ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) వాళ్ళు కొత్తది చేసిచ్చారు. కరాచీకి ఆరు రోజుల్లో వచ్చేసింది, 1928లో ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎగిరి రికార్డ్ పెట్టిన పైలట్ బెర్ట్ హింక్లర్ కంటే రెండు రోజులు ముందు. తర్వాత ఝాన్సీ, ఎదురుగాలికి పెట్రోల్ అయిపోవచ్చి సైనికుల పరేడ్ గ్రౌండ్‌లో దించేస్తే వెళ్ళి బ్యారక్స్ దగ్గర ఇరుక్కుంది, రెక్క దెబ్బతింది, బాగు చేసిందెవరో తెలుసా, అక్కడి వడ్రంగి! నేను మంచం మంచం అంటున్నది ఊరికే కాదు.

అసలు దెబ్బ రంగూన్ పక్కన ఇన్‌సీన్‌లో. వాన, ఏమీ కనపడలా, రేస్ కోర్స్ అనుకుని ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో దిగింది, ముందుకెళ్ళి కాలవలో పడింది. రెక్క, చక్రాలు, ప్రొపెల్లర్ అన్నీ పోయాయి. అక్కడే ఇంజనీరింగ్ స్కూల్ ఉండటం అదృష్టం, వాళ్ళంతా చేతులేశారు. రెక్కకి గుడ్డ కావాలి, ఎక్కడ దొరుకుతుంది? మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిన విమానాల గుడ్డని ఊళ్ళో షర్టులు కుట్టించుకున్నారట, ఆ షర్టులు విప్పి రెక్కకి వేశారు. విమానం గుడ్డ షర్టైంది, షర్టు మళ్ళీ విమానమైంది, ఈ ముక్క నేను ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. హింక్లర్ రికార్డ్ మాత్రం ఇక్కడే చేజారింది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్తా. జావాలో చెరకు తోట దగ్గర దిగితే వెదురు గుంజలు రెక్కల్లో గుచ్చుకున్నాయి, చిరుగులకి గాయాలకేసే ప్లాస్టర్ అంటించింది. మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరింది. మే 29న బ్రిస్బేన్‌లో జనం చూస్తుండగా దిగే మైదానం దాటిపోయి బోల్తా కొట్టింది, ఇదే మీరు చెప్పే "కూలిపోవడం", ఆమె బానే ఉంది. అక్కణ్ణించి వేరే విమానంలో ప్రయాణికురాలిగా వెళ్ళింది, దాన్ని నడిపిన వాళ్ళలో ఒకడు జిమ్ మాలిసన్, 1932లో పెళ్ళి చేసుకున్నారు, అది వేరే వీడియో. జేసన్‌ని ఓడలో ఇంగ్లండ్ పంపించారు, తర్వాత మ్యూజియంకి చేరింది. ఎమీ 1941 జనవరిలో వేరే విమానంతో థేమ్స్ నది ముఖద్వారంలో పడి చనిపోయింది.

లండన్‌లో ఉన్న మనవాళ్ళు సౌత్ కెన్సింగ్టన్ వెళ్ళండి, ఎంట్రీ ఫ్రీ, ఫ్లైట్ గ్యాలరీలో తలెత్తి చూస్తే ముదురాకుపచ్చ మీద వెండి రంగు అక్షరాలు, జీ-ఏఏఏహెచ్, అదే జేసన్ రిజిస్ట్రేషన్ నంబర్. వైర్లు ఎలా బిగించారో చూసి కింద రాయండి.